చుక్కాని పథకంలో నా ఎడమ కన్ను

"గత పాలకులు మన పెద్దలకు చుక్కలు చూపించారు. మేము చుక్కలు వేస్తాం! ఇక మీదట ఈ దేశంలో ఏ పెద్దాయన కంటి మందూ బుగ్గ మీద పడదు, దిండు మీద పడదు, నేల మీద పడదు. పడితే కంట్లోనే పడుతుంది. ఇది చుక్కల సాక్షిగా చేస్తున్న శపథం!"

వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రిగారు ఈ మాటలు అనగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పగలు పదకొండు గంటలకు చుక్కల సాక్షి ఏమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే నేను ఇబ్బందిలో పడేవాణ్ని. ఆ వాక్యాలు రాసింది నేనే.

నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ముప్పై రెండేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే ఇల్లు భరించలేదని తెలిసి, మంత్రిగారి పేషీలో ప్రకటనలూ ప్రసంగాలూ రాసే పనికి కాంట్రాక్టు మీద కుదిరాను. నోరు ఆయనది, చెయ్యి నాది. వాగ్దానం ఆయనది, వాక్యదానం నాది. పథకానికి 'చుక్కాని' అని పేరు పెట్టింది కూడా నేనే. చుక్కతో మొదలై, ఒడ్డుకు చేర్చే పేరు. ఆ పేరు తట్టిన రోజు నన్ను నేనే అద్దంలో చూసుకుని కాసేపు మెచ్చుకున్నాను.

అద్దంలో చూసుకోవడం అంటే సగమే. నా ఎడమ కంట్లో నీటికాసులు ఉన్నాయి. పేరులో కాసులున్నాయని ఎవరూ అసూయపడనక్కర్లేదు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని చప్పుడు లేకుండా కొరికేసే జబ్బు అది. డాక్టరు మొదటి రోజే తేల్చి చెప్పాడు. "పోయిన చూపు తిరిగి రాదు. రోజూ సాయంత్రం ఒక చుక్క పడితే ఉన్నది ఉంటుంది. పడకపోతే అదీ పోతుంది."

రెండేళ్ళుగా ఆ చుక్క మా ఆవిడే వేస్తోంది. ఆమె టైలరు. కబుర్లు చెబుతూ, సూది వైపు చూడకుండా దారం ఎక్కిస్తుంది. ఎడమ చేత్తో నా రెప్ప లాగి, కుడి చేత్తో చుక్క వదిలి, నేను "అమ్మా" అనేలోపు మళ్ళీ కుట్టు మిషను దగ్గర ఉంటుంది.

ప్రారంభోత్సవం నాడు మొదటి లబ్ధిదారు ఒకరు కావాల్సొచ్చారు. రావలసిన పెద్దాయన్ని తెచ్చే కారు దారి తప్పింది. మంత్రిగారి పీఏ చుట్టూ చూసి, నా జుట్టు రంగు గమనించి, "గురువుగారూ, మీకు కంటి జబ్బు ఉందిగా? రండి రండి" అని వేదిక మీదికి తోసేశాడు. నా చేతికి పథకంలో పంచే చుక్కల పరికరం వచ్చింది, నోటికి మైకు వచ్చింది. ఎప్పుడూ ఇంకొకరి నోటికే రాసేవాడికి సొంత నోరు దొరికితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

"నేటి నుంచి నా కంటి మందు కోసం ఇంకొకరి చేతి మీద ఆధారపడను! నా చెయ్యే నా కంటికి దిక్కు!" అన్నాను.

మర్నాడు అది ఫోటోతో సహా పేపర్లో వచ్చింది. మా ఆవిడ అద్దాలు సవరించుకుని మొత్తం చదివింది.

"ఇది మీరేనా?"

"నేనే. ఫోటో సరిగ్గా రాలేదు."

"ఇంకొకరి చేతి మీద ఆధారపడరా?"

"అది ఏదో... మాట్లాడే ఊపులో..."

"ఊపులో అన్నా అచ్చులో వచ్చింది కదండీ. మంచిదే. రోజూ సాయంత్రం నాకు ఇంకో కాలరు కుట్టుకునే టైము మిగిలింది."

అంతే. తిట్టలేదు, అలగలేదు. నా మాటకు విలువిచ్చింది. నా మాటకు ఎవరైనా విలువివ్వడం అదే మొదలు కావడంతో ఏం చెయ్యాలో తోచలేదు.

ఇక పరికరం సంగతి. కళ్ళజోడులా ఉంటుంది. అద్దాల స్థానంలో రెండు గరాటాలు. తగిలించుకుని, తల వెనక్కి వాల్చి, సీసాను గరాటాలో గుచ్చి నొక్కితే చుక్క సూటిగా కంట్లో పడాలి. పడాలి అనే దాకా డిజైను సరిగ్గానే ఉంది.

ఆ డిజైను పుట్టిన మీటింగులో నేనూ ఉన్నాను. "కొలతలకు ప్రామాణిక ముఖం ఒకటి కావాలి సార్. ఎవరిది తీసుకోమంటారు?" అని ఇంజనీరు అడిగాడు. డైరెక్టరు అతని వైపు జాలిగా చూశాడు. "ఈ శాఖలో ముఖం అంటే ఒకటే ముఖమయ్యా" అన్నాడు. మంత్రిగారు పర్యటనలో ఉన్నారు. గోడ మీద ఆయన ఫోటో ఉంది. ఇంజనీరు కుర్చీ ఎక్కి, స్కేలు పెట్టి ఫోటోనే కొలిచాడు. అది పద్దెనిమిదేళ్ళ కిందటి ఫోటో. ఫోటోగ్రాఫరు భక్తుడు. ముక్కు సగం చెక్కేశాడు, బుగ్గలు తగ్గించాడు, ఒకదాని కంటే ఒకటి కాస్త కిందికి ఉండే కళ్ళను సమం చేశాడు. అలా ఏ తల్లీ కనని ఒక ముఖానికి సరిపోయేలా పరికరాలు తయారై ఊరూరా చేరాయి.

మొదటి రోజు చుక్క నా కనుబొమ్మ మీద పడింది. రెండో రోజు చెవిలో పడింది. మూడో రోజు నోట్లో పడింది, చేదు. నాలుగో రోజు నిజంగానే కంట్లో పడింది. కుడి కంట్లో. దానికి ఏ జబ్బూ లేదు.

"పడిందా?" అంది మా ఆవిడ, మిషను తొక్కుతూనే.

"పడింది."

"ఎక్కడ?"

"కంటికి దగ్గర్లోనే."

"బస్సు దిగి నడవాల్సినంత దగ్గరా?"

ఒక్క మాట అడిగితే లేచి వచ్చి వేస్తుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాటే పెదవి దాటలేదు. మంత్రుల నోటికి వేల మాటలు అందించిన వాణ్ని, పెళ్ళాం ముందు "కాస్త వేసి పెట్టవే" అనే మూడు మాటలు కూర్చలేకపోయాను. పైగా నిశ్చయం గలవాడిలా కనిపించాలని, కంట్లో పడకపోతే ఇంకోటి, అదీ పడకపోతే ఇంకోటి వేస్తూ పోయాను. సీసా నెల రావాలి. నాది ఐదు రోజుల్లో గుటకాయస్వాహా.

ఆ సమయంలోనే పేషీలో సమీక్షా సమావేశం జరిగింది. పథకం ఫలితం ఎలా కొలవాలన్నది చర్చ.

"చుక్క కంట్లో పడిందో లేదో ఎలా తెలుస్తుంది?" అని మంత్రిగారు అడిగారు. చాలా లోతైన ప్రశ్న. అంత లోతుకు దిగడం ఇష్టం లేక డైరెక్టరు పైనుంచే జవాబు చెప్పాడు.

"ప్రతివాడి కళ్ళలోకీ ఎవరు చూస్తారు సార్? ఖాళీ సీసాలు లెక్కపెడితే సరి. సీసా ఖాళీ అయిందంటే మందు వాడినట్టు. మందు వాడారంటే చూపు బాగున్నట్టు. చూపు బాగుంటే పథకం బాగున్నట్టు."

"పథకం బాగుంటే?"

"మీరు బాగున్నట్టు సార్" అన్నాడు పీఏ.

దాంతో రూలు ఖాయమైంది. ఖాళీ సీసా డిపోలో ఇవ్వాలి, నిండు సీసా తీసుకోవాలి. మందుల షాపుల్లో ఆ మందు అప్పటికే మాయమైంది. సరుకంతా ప్రభుత్వమే ఎత్తేసుకుంది కాబట్టి డిపో తప్ప ఎవరికీ గతి లేదు.

మొదటి నెల అందరూ రెండో మూడో ఖాళీ సీసాలు ఇస్తే నేను ఆరు ఇచ్చాను. పీఏ ఫోన్లో గంతులేశాడు. "గురువుగారూ, దేశం మొత్తానికీ మీరే ఫస్టు! 'నేత్రరత్న' మీకే!"

శాలువా కప్పారు. దండ వేశారు. మందు ఎక్కువైనందుకు సన్మానం పొందిన గుమాస్తా చరిత్రలో నేనొక్కణ్నే అయ్యుంటాను. సిగ్గుపడాల్సింది పోయి ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు గుమ్మం ఎడమ అంచుకు భుజం కొట్టుకుంది. గుమ్మాన్నే తప్పుపట్టాను.

తర్వాతి వారం కంటి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు ఒత్తిడి కొలిచి, మిషను పాడైందేమోనని మళ్ళీ కొలిచాడు.

"పోయిన సారి పదహారు. ఇప్పుడు ఇరవై తొమ్మిది. మందు మానేశారా?"

"మానడమా! నెలకు ఆరు సీసాలు. నాకు అవార్డు కూడా ఇచ్చారు."

"ఆరు సీసాలు ఎక్కడ వేశారు?"

ఆ ప్రశ్న ప్రభుత్వంలో ఎవరూ అడగలేదు. పరికరం తగిలించుకుని చూపించాను. చుక్క డాక్టరు రాసుకునే కాగితం మీద పడి, సిరా అలుక్కుపోయింది.

ఆయన నవ్వలేదు. "చూడండి. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే సాగితే ఎడమ పక్క నుంచి వచ్చే బండి మీకు కనపడదు. ఆ తర్వాత ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. అప్పుడొచ్చి నన్ను అడిగినా నా దగ్గర ఏమీ ఉండదు."

అవార్డు ఫోటో చూపిద్దామని బయటికి తీసినవాణ్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాను.  

అక్కడ చుక్కలు వేసే నర్సు ఒకామె ఉంది. రోజుకు రెండు వందల కళ్ళు చూసే మనిషి. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

"బాబాయిగారూ, ముందు ఆ కిటికీలు తీసి పక్కన పెట్టండి. బల్ల మీద పడుకోండి."

పడుకున్నాను.

"కళ్ళు మూసుకోండి."

"మూసుకుంటే మందు ఎలా వెళ్తుందమ్మా?"

"మంత్రిగారి ఆఫీసులో పనిచేస్తూ కళ్ళు మూసుకోవడానికి ఇంత ఆలోచిస్తారేంటండీ? మూసుకోండి. ఇదిగో, సీసా మీరే పట్టుకోండి. చెయ్యి ముక్కు మీద ఆనించండి, వణికినా పక్కకు పోదు. ముక్కు పక్కన కంటి మూల చిన్న గుంట ఉంది చూశారా, అక్కడ ఒక్క చుక్క వదలండి. సీసా మూతి కంటికి తగలనివ్వకండి."

చల్లగా తగిలింది.

"ఇప్పుడు కన్ను తెరవండి."

తెరిచాను. చుక్క తనంతట తానే జారి, అద్దె ఇంట్లోకి ఇంటి యజమాని నడిచినట్టు దర్జాగా లోపలికి వెళ్ళింది.

"ఇంతేనా?"

"ఇంతే. పడుకోవడం వచ్చుగా?"

"ముప్పై రెండేళ్ళ సర్వీసమ్మా" అన్నాను వినయంగా.

ఆ సాయంత్రం ఇంట్లో చాప పరిచి పడుకున్నాను. మిషను చప్పుడు ఆగింది.

"పడిందా?"

"పడింది."

"ఎక్కడ?"

"కంట్లో."

"ఏ కంట్లో?"

"ఎడమ కంట్లో."

వచ్చి, వంగి, నా కంట్లోకి చూసింది. చెంప తడిమి చూసింది. పొడిగా ఉంది. "పర్లేదు" అంది. శాలువా లేదు, దండ లేదు. అయినా 'నేత్రరత్న' కంటే అదే బరువుగా అనిపించింది.

మర్నాడు పేషీకి పరిగెత్తి డైరెక్టరుకు సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పడుకుని, కళ్ళు మూసుకుని, మూల వేసుకోవడం. సరే. ఇందులో పరికరం ఎక్కడ?"

"పరికరం అక్కర్లేదు సార్."

"పరికరం లేకపోతే పంపిణీ ఎక్కడ? పంపిణీ లేకపోతే సభ ఎక్కడ? సభ లేకపోతే మీరెక్కడ? నేనెక్కడ?" అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, "అయినా ప్రజల్ని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమని ప్రభుత్వమే చెబితే ప్రతిపక్షం ఊరుకుంటుందా గురువుగారూ?" అన్నాడు.

రాజకీయంగా ఆలోచిస్తే నిజమే.

కానీ నర్సు ఎవరి అనుమతీ అడగలేదు. వచ్చిన ప్రతి పెద్దాయన్నీ, పెద్దావిణ్నీ పడుకోబెట్టి నేర్పేసింది. వాళ్ళు పక్కింటివాళ్ళకు నేర్పారు. ఇంకో ఆసుపత్రి నర్సులు ఈమెను చూసి నేర్చుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి నా ఒత్తిడి పదిహేడుకు దిగింది. గుమ్మం కూడా తన తప్పు తెలుసుకుని పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది చిక్కు. ఆ నెల ఖాళీ సీసా పట్టుకుని డిపోకు వెళ్ళాను. కౌంటరు గుమాస్తా సీసాను తిప్పి చూశాడు.

"ఒకటేనా? మీవి నెలకు ఆరు కదా?"

"ఒకటే అయిందండీ."

"మరి అప్పుడు ఆరెందుకయ్యాయి?"

"అప్పుడు కంట్లో పడేది కాదు."

"ఇప్పుడు?"

"పడుతోంది."

"పడుతుంటే వాడకం పెరగాలి గానీ తగ్గుతుందేంటి?" అని కంప్యూటరు వైపు తిరిగాడు. "చూడండి, 'వైద్యం విరమించినవాడు' అని వస్తోంది. ఇది చివరి సీసా. వచ్చే నెల నుంచి మీకు సరఫరా ఉండదు."

"అయ్యా, నేను విరమించలేదు. ఇదిగో కన్ను! ఇప్పుడే మొదలుపెట్టాను!"

"కన్ను మా దగ్గర ఎంట్రీ కాదండీ. సీసానే ఎంట్రీ."

నాలాంటి వాళ్ళు కౌంటరు ముందు బారులు తీరి ఉన్నారు. అందరి చూపూ బాగుంది. అందరి పేర్లూ పోయాయి.

మూడు వారాలకు మళ్ళీ సమీక్ష. మంత్రిగారి ముందు రెండు రిపోర్టులు. ఆసుపత్రులది ఒకటి: పెద్దల కంటి ఒత్తిడి అంతటా తగ్గింది. డిపోలది ఒకటి: పెద్దలు దాదాపు మందు వాడటమే మానేశారు. డైరెక్టరు నుదురు తుడుచుకున్నాడు. మంత్రిగారు రెండు రిపోర్టుల మధ్య శూన్యంలోకి చాలాసేపు చూశారు. అంత తీక్షణంగా ఆయన దేన్నైనా చూడగా నేను చూడటం అదే మొదటిసారి.

"మందు వాడటం లేదు" అన్నారు.

"లేదు సార్."

"అయినా కళ్ళు బాగున్నాయి."

"బాగున్నాయి సార్."

"మందు లేకుండా ఎవడికి బాగుంటుందయ్యా? జబ్బు లేనివాడికి!"

 డైరెక్టరు లేచి నిలబడ్డాడు. "సార్! అంటే మనం జబ్బును నిర్మూలించేశాం!"

బల్ల చుట్టూ చప్పట్లు. నేను చెయ్యెత్తాను. నిజం చెప్పాలంటే ధైర్యంతో కాదు, ఇంట్లో సీసాలో ఇంకో వారానికి సరిపడా మందే మిగిలి ఉండటంతో.

"సార్, మనవి. వాళ్ళు మందు వాడుతున్నారు. సరిగ్గా వాడుతున్నారు. అందుకే తక్కువ అవుతోంది. మందు ఆపేస్తే..."

"గురువుగారు హాస్యం బాగా రాస్తారు సార్" అన్నాడు పీఏ.

అందరూ నవ్వారు. నలుగురూ నవ్వితే కలిసి నవ్వడం నాకు అలవాటు. నవ్వేశాను.

"ప్రకటన రాసి పట్టుకురండి" అన్నారు మంత్రిగారు. "జబ్బు నిర్మూలన, సరఫరా నిలిపివేత. మిగిలిన సరుకు పేషీ ఆధీనంలోకి."

రాయనని చెప్పొచ్చు. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెబితే ఆ ఒక్క మాట కోసమే నన్ను ఇంకో ముప్పై ఏళ్ళు భరించేది. కానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రాశాను. పాడు చెయ్యి, బాగా కుదిరింది కూడా. 'నిర్మూలించింది' అని మొదట రాసి, చప్పగా ఉందని కొట్టేసి, 'సమూలంగా నిర్మూలించింది' అని దిద్దాను. నా కన్ను పోయే ప్రకటనలో విశేషణం వెతికిన మగాణ్ని నేను.

సాయంత్రం సంతకం కోసం లోపలి గదికి తీసుకెళ్ళాను. మంత్రిగారు ఒక్కరే సోఫాలో ఉన్నారు. చదివారు. "సమూలంగా, బాగుంది" అని సంతకం పెట్టారు.

"తలుపు వేసి రండి."

వేసి వచ్చాను. ఆయన బల్ల సొరుగు లాగారు. సొరుగు నిండా సీసాలు, సీలు తియ్యనివి, వరసగా. అందులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది కాస్త వేసి పెట్టండి. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది."

నేను పరికరం కోసం అటూ ఇటూ చూశాను.

"ఏం వెతుకుతున్నారు?"

"చుక్కాని, సార్."

"అదెందుకు?" అంటూ సోఫాలో వెల్లకిలా పడుకున్నారు. కళ్ళు మూసుకుని, వేలితో ముక్కు పక్కన చూపించారు. "ఇక్కడ, ఈ మూల. ఒక్క చుక్క చాలు. తర్వాత నేనే తెరుస్తాను."

సీసా సీలు తీశాను. "ఇలా ఎన్నాళ్ళుగా సార్?"

"నాలుగేళ్ళు. మా ఆవిడ ఇలాగే వేస్తుంది."

"మరి చుక్కాని?"

"అది పథకం కదండీ."

"జబ్బు పోయిందని ఇప్పుడే సంతకం పెట్టారు..."

"ప్రజలకి పోయింది. వెయ్యండి, వెయ్యండి."

వేశాను. సరిగ్గా మూలలో పడింది. ఆయన కన్ను తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

"డాక్టరు రెండు నిమిషాలు మూసుకోమన్నాడు" అన్నారు.

"అది మామూలువాళ్ళకి సార్. మీ స్థాయికి ఐదు నిమిషాలు."

"అంతేనంటారా?"

"అంతే సార్. అసలు తెరవకూడదు."

ఆయన సంతోషంగా కళ్ళు బిగించారు. నా చేతిలో సీసా ఉంది. నిండుగా ఉంది. గదిలో ఇంకో సోఫా లేదు. చెప్పులు విప్పి, మంత్రిగారి పక్కన కార్పెట్ మీద వెల్లకిలా పడుకున్నాను. చెయ్యి ముక్కు మీద ఆనించి, ఎడమ కంటి మూల ఒక చుక్క వదిలి, తెరిచి, మూసుకుని, సీసాను చొక్కా లోపలి జేబులోకి జార్చాను.

తలుపు తెరుచుకుంది. పీఏ అడుగులు రెండు వినిపించి ఆగిపోయాయి. సోఫా మీద మంత్రిగారు, కింద నేను, ఇద్దరం కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపి, ఊపిరి తీసుకుంటున్నాం.  తలుపు మళ్ళీ మెల్లగా మూసుకుంది.

బయట ఎవరికో పీఏ చెబుతున్నాడు.

"ఇప్పుడు కుదరదండీ. లోపల రివ్యూ జరుగుతోంది."